తోస్తావ్ కథలో రెండో సగం

ప్రతి ఏడూ ఉగాదికి రెండు నెలల ముందు మన సావనీరు సంపాదకుల దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. "డాక్టరు గారూ, ఈసారైనా ఏదన్నా రాయండి" అంటారు. ప్రతి ఏడూ "తప్పకుండా" అంటాను. ఆ తర్వాత ఆపరేషన్లు, కాల్ డ్యూటీలు, పిల్లల పరీక్షలు. మీకు తెలియనిదేముంది! ఈసారి ఆ సాకులు చెప్పడానికి వీల్లేకుండా పోయింది. ఆపరేషన్లు లేవు. ఎందుకు లేవో చెప్పాలంటే ఒక బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెప్పాలి. మన హ్యూస్టన్‌లో చాలామందికి నా కంటి సంగతి సగం సగం తెలుసు. గుళ్ళో కనబడినప్పుడల్లా "ఇప్పుడెలా ఉందండీ?" అని అభిమానంగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పే బదులు, ఇదిగో, అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను చేతి సర్జన్ని. తెగిపోయిన వేళ్ళను అతికించడం, అందులోని సన్నటి రక్తనాళాలనూ నరాలనూ మైక్రోస్కోపు కింద కుట్టడం నా పని. ఆ దారం కంటికి ఆనదు. సూది కనురెప్ప వెంట్రుక కన్నా చిన్నది. రేవులోనూ, రిఫైనరీల్లోనూ, ఇళ్ళ గరాజుల్లో శనివారం వడ్రంగం చేసేవాళ్ళతోనూ ఈ ఊళ్ళో చేతి సర్జనుకు పనికి లోటు లేదు. నాన్నగారు సికింద్రాబాదులో కనబడిన ప్రతివాడికీ "మావాడు తెగిన వేళ్ళు అతికిస్తాడు" అని చెప్పుకునేవారు. కూరగాయలవాడికి కూడా.

చిన్నప్పటి నుంచీ నాకు సోడాబుడ్డి కళ్ళద్దాలు. మైనస్ తొమ్మిది. అంత హ్రస్వదృష్టి ఉన్న కంట్లో రెటీనా సాగి పలచబడి ఉంటుందని, చిరిగే ప్రమాదం ఎక్కువని మెడికల్ కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. 2023 జనవరిలో ఒక సాయంత్రం ఫ్రీవే మీద కారు నడుపుతుంటే ఎడమ కంట్లో మెరుపులు, మసి చల్లినట్టు నల్ల చుక్కలు. రోగి ఎవరైనా ఆ మాట చెబితే ఆ క్షణమే పరుగెత్తించేవాణ్ణి. నా కన్ను కాబట్టి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున్న కింద నుంచి బూడిదరంగు పరదా ఒకటి లేచింది. మధ్యాహ్నానికి అది చూపు మధ్య దాకా వచ్చింది.

ఆపరేషన్ చేశారు. కంట్లోని జిగురు పదార్థం తీసేసి, చిరుగుకు లేజర్ వేసి, రెటీనా గోడకు అతుక్కుని ఉండేందుకు వాయువు బుడగ పెట్టారు. వారం రోజులు రాత్రింబవళ్ళు ముఖం నేలకేసి ఉండాలి. ఆ బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, బుడగ ఉబ్బుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న చూపూ పోతుంది. ఫిబ్రవరిలో నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం. నాలుగు టికెట్లూ అప్పటికే కొన్నాం. మా ఆవిడా పిల్లలూ వెళ్ళారు. ఆ వారం నేల చూపులు చూడ్డం అయితే అయిపోయింది కానీ బుడగ ఇంకా సగం ఉంది. మా చెల్లెలు ఫోన్లో చూపిస్తే, వెయ్యి పున్నములు చూసిన మనిషికి జరుగుతున్న పూజను నేను ఒంటి కంటితో, రెండో కంట్లో నీటిమట్టంలా ఊగుతున్న బుడగతో, చూశాను. నాన్నగారికి "చిన్న కంటి ఆపరేషన్, నెలలో మామూలే" అని చెప్పాం. అది అబద్ధమని అప్పటికి నాకూ తెలియదు.

మళ్ళీ ఆసుపత్రిలో అడుగు పెట్టిన రోజున ఆపరేషన్ పనిముట్లు శుద్ధి చేసే విభాగంలో ఉండే బ్రెజిల్ పెద్దాయన ఎదురొచ్చాడు. మినాస్ గెరైస్ రాష్ట్రం నుంచి వచ్చి ముప్పయ్యేళ్ళు ఇక్కడే. నా భుజం మీద చెయ్యి వేసి, "డాక్టర్, మీరు తోస్తావ్ లాగే!" అన్నాడు.

ఎవర్ని తోస్తాను? ఎందుకు తోస్తాను? ఒక క్షణం నిజంగా అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అది మనిషి పేరని. పోర్చుగీసు వాళ్ళు ముక్కుతో పలికే ఆ మాటను మన లిపిలో రాస్తే ఇంతకన్నా దగ్గరగా రాయలేం. అర్థం కూడా ఉంది: తక్కువ విలువగల పాత నాణెం. మన దమ్మిడీ, కాణీ లాంటిదన్నమాట. తనకంటే పెద్ద పిల్లల మధ్య అందరికన్నా చిన్నగా ఉండి ఆడేవాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఎడ్వర్డో గోన్సాల్వెస్ జి ఆంద్రాజి. 1947 జనవరి 25న బెలో హారిజాంటేలో పుట్టాడు.

పెద్దాయన చెప్పిన కథ ఇది. 1969 సెప్టెంబరులో సావో పాలోలో మ్యాచ్. తోస్తావ్ వాళ్ళ క్రుజేరో జట్టుకీ, కొరింథియన్స్ జట్టుకీ. బంతిని దూరంగా కొట్టేద్దామని డిఫెండరు తన్నిన తన్నుకి అది నేరుగా వచ్చి తోస్తావ్ ముఖానికి తగిలింది. ఎడమ కన్ను. రెటీనా ఊడింది. ప్రపంచ కప్పు ఇంకా తొమ్మిది నెలలు కూడా లేదు. అతన్ని ఎక్కడికి తీసుకొచ్చారనుకున్నారు? ఇక్కడికే, మన హ్యూస్టన్‌కే. బ్రెజిల్ నుంచే వచ్చి ఇక్కడ పనిచేస్తున్న డాక్టర్ రొబెర్తో మౌరా అక్టోబరులో ఆపరేషన్ చేశాడు. ఎనిమిది నెలల తర్వాత తోస్తావ్ మెక్సికోలో ప్రపంచ కప్పు గెలిచాడు. గెలిచిన పతకాన్ని తీసుకెళ్ళి ఆ డాక్టరు చేతిలో పెట్టేశాడు. "కాబట్టి డాక్టర్, మీరూ ఆడతారు" అని ముగించాడు పెద్దాయన.

నేను ఆ కథను ప్రసాదంలా కళ్ళకద్దుకున్నాను. 1969 హ్యూస్టన్ అంటే సామాన్యమైన సంవత్సరం కాదు. ఏప్రిల్లో డెంటన్ కూలీ మొట్టమొదటి పూర్తి కృత్రిమ గుండెను ఒక మనిషికి అమర్చాడు. జులైలో చంద్రుడి మీద నుంచి మాట్లాడిన మాటలు ముందు ఈ ఊరికే వినబడ్డాయి. అక్టోబరులో ఈ కన్ను. అయితే నాకు జరిగిన ఆపరేషన్ అప్పటికింకా పుట్టనేలేదు. కంట్లోకి సన్నటి పరికరాలు పంపి జిగురు పదార్థాన్ని తీసే పద్ధతిని మయామీలో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టింది 1970లో. అంతకు ముందు ఏడాది, అంతకంటే మోటు పద్ధతులతో బాగుచేసిన కన్నుతో ఒక మనిషి ప్రపంచ కప్పు ఆడాడంటే, వైద్యుణ్ణి కాబట్టి నాకు ఒళ్ళు జలదరించింది.

అప్పటి నుంచీ రాత్రుళ్ళు పాత మ్యాచ్‌లు చూడటం మొదలెట్టాను. మా అమ్మాయి సాకర్ ఆడుతుంది, తనూ పక్కన చేరేది. (మా ఆవిడకి ఇది నచ్చలేదు. కంటికి విశ్రాంతి ఇమ్మంటే టీవీకి అతుక్కుపోయారని.) క్రుజేరో సంగతి ముందు చెప్పాలి. 1966 నవంబరులో బ్రెజిల్ కప్పు ఫైనల్లో, పెలే ఉన్న శాంటోస్ జట్టును ఈ కుర్రాళ్ళు 6–2తో ఓడించారు. మొదటి సగం అయ్యేసరికే 5–0! వారం తిరిగి సావో పాలోలో జరిగిన రెండో మ్యాచ్‌లోనూ 3–2తో గెలిచారు. అదే ఏడాది, పంతొమ్మిదేళ్ళకే, ఇంగ్లండులో ప్రపంచ కప్పు ఆడి హంగరీ మీద గోలు కొట్టాడు. బ్రెజిల్ ఆ మ్యాచ్ ఓడిపోయింది. 1969లో కంటికి దెబ్బ తగలడానికి ముందు మెక్సికో అర్హత పోటీలు ఆరూ బ్రెజిల్ గెలిస్తే, అందులో తోస్తావ్ గోళ్ళు పది. పెలేవి ఆరు.

మరి మెక్సికోలో? రెండే రెండు. రెండూ క్వార్టర్ ఫైనల్లో పెరూ మీద. ఆ లెక్క చూసి, కన్ను దెబ్బతిన్నాక ఆట తగ్గిందన్నమాట అనుకున్నాను. అది నా అజ్ఞానం. మా అమ్మాయే చెప్పింది: "నాన్నా, నువ్వు బంతిని చూస్తున్నావు. తొమ్మిదో నంబరుని చూడు."

చూశాను. కోచ్ జగాలోకి మొదట్లో సందేహం. పెలే, తోస్తావ్ ఇద్దరూ ఒకే రకం ఆటగాళ్ళు, ఒకరు ఆడితే రెండోవాడెందుకని. తోస్తావ్ తన జట్టులో ఆడే చోటు వేరు. ఇక్కడ ముందువరసలో, గోలుకి వీపు పెట్టి నిలబడ్డాడు. డిఫెండర్లను తన వెంట పక్కకి లాక్కుపోతాడు. ఖాళీ అయిన చోటికి జైర్జిన్యో వస్తాడు, పెలే వస్తాడు. జైర్జిన్యో ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గోలు కొట్టాడు. ఆ దారులన్నీ ఊడ్చి ముగ్గు వేసి పెట్టింది ఎవరో చూడాలంటే బంతి మీద నుంచి కన్ను తీయాలి.

ఇంగ్లండు మ్యాచ్ ఒక్కటి చూసినా చాలు. గంట కావస్తోంది, గోళ్ళు లేవు. ఎడమ పక్కన తోస్తావ్ బంతి తీసుకుని, మూగిన వాళ్ళ మధ్య నుంచి, బాబీ మూర్ అంతటివాడి కాళ్ళ సందులోంచి తప్పించుకుని, గిర్రున వెనక్కి తిరిగి, చూసీ చూడనట్టు పెనాల్టీ పెట్టె మధ్యకు ఎత్తి వేశాడు. పెలే దాన్ని ఆపి, తొందరేమీ లేనట్టు కుడిపక్కకు జరిపాడు. జైర్జిన్యో కొట్టాడు. 1–0. అంతే మ్యాచ్. పది నిమిషాలు తిరక్కుండానే తోస్తావ్‌ని బయటికి పిలిచి ఇంకొకణ్ణి దింపారు! ఉరుగ్వే మీద సెమీఫైనల్లో పెలే బంతిని ముట్టకుండానే గోల్‌కీపర్ని బోల్తా కొట్టించి, వెనక్కి చుట్టివచ్చి కొట్టి, వెంట్రుకవాసిలో తప్పిపోయిన గోలు ఉంది కదా, లోకమంతా చెప్పుకునేది? ఆ బంతి పంపింది తోస్తావ్. ఫైనల్లో ఇటలీ మీద కార్లోస్ అల్బెర్తో కొట్టిన నాలుగో గోలు, జట్టంతా చేతులు మారుతూ సాగిన ఆ ఎత్తు, తోస్తావ్ తన సొంత సగం లోతుల్లోకి పరుగెత్తి వచ్చి ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవడంతో మొదలవుతుంది. 86వ నిమిషంలో, ఆ ఎత్తులో, ఆ వేడిలో, ఒక ఫార్వర్డుకి ఆ పని ఎందుకు చెప్పండి? విజిల్ ఊదగానే అభిమానులు మీదపడి అతని బట్టలన్నీ ఊడబెరికేశారు. లోదుస్తుల్లో మిగిలాడు, ప్రపంచ విజేత.

ఈ కథను ముందు పెట్టుకుని నేను సాధన మొదలెట్టాను. మా శిక్షణ గదిలో జూనియర్లు నేర్చుకునేది కోడి తొడలోని రక్తనాళాల మీద. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఆదివారాలు ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని, కోడి తొడ ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. (శాకాహారుల ఇల్లు కదా, మా ఆవిడ ఆ చొక్కాలు విడిగా ఉతికేది.) బుడగ కరిగింది, చార్టు మీద అక్షరాలు చాలావరకు కనబడుతున్నాయి, కారు నడుపుతున్నాను. కానీ ఎడమ కన్ను చూపే గీత కాస్త వంకర, కుడి కన్ను చూపేదాని కన్నా కాస్త చిన్న. ఆ రెంటినీ మెదడు కలపలేదు. లోతు తెలియదు. సూది నాళానికి తగిలిందనుకుంటాను, అది ఇంకా గాల్లోనే ఉంటుంది. ఇంకా గాల్లో ఉందనుకుంటాను, అవతలి గోడ చీల్చేసి ఉంటుంది. నాలుగు నెలలు. "ఎనిమిది నెలల్లో ప్రపంచ కప్పు ఆడాడు" అనుకుంటూ మళ్ళీ కూర్చునేవాణ్ణి. అడిగినవాళ్ళందరికీ "వచ్చేనెల నుంచి ఆపరేషన్లు" అని చెప్పాను. మీలో కొందరికి కూడా చెప్పాను, క్షమించండి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి నాకు అనుమానం వచ్చింది. 1970లో అతనికి ఇరవై మూడేళ్ళు. మరి 1974 ప్రపంచ కప్పులో ఎక్కడా కనబడడేం?

వెతికాను. పెద్దాయన చెప్పని రెండో సగం దొరికింది. 1972లో వాస్కో ద గామా క్లబ్బు అప్పట్లో బ్రెజిల్లో రికార్డు ధర పెట్టి తోస్తావ్‌ని కొనుక్కుంది. ఏడాది తిరక్కుండా అదే కన్ను మళ్ళీ తిరగబెట్టింది. మళ్ళీ హ్యూస్టన్. ఈసారి జవాబు వేరు: ఇంకా ఆడితే కన్ను దక్కదు. 1973లో ఆట మానేశాడు. వయసు ఇరవై ఆరు. క్రుజేరో చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోళ్ళు అతనివే, ఇప్పటికీ. అప్పటికి పెలే ఇంకా ఆడుతున్నాడు!

నాకు మొదట వచ్చింది కోపం. ఎవరి మీదంటే, పాపం ఆ పెద్దాయన మీద. నాకు సగం కథ చెప్పి పంపాడు. ఆలోచిస్తే మనమందరం చేసేదదే. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి "మా బాబాయికీ ఇలాగే అయింది, ఇప్పుడు గుర్రంలా ఉన్నాడు" అంటాం. ఆ బాబాయి మూడేళ్ళ తర్వాత ఏమయ్యాడో చెప్పం. డాక్టర్ని కాబట్టి నేనూ రోగులకు సగం కథలే చెప్పాను. తెగిన వేలు అతికిందని చెబుతాను, దానితో మళ్ళీ వీణ వాయించలేరని రెండో నెలలో చెబుతాను.

కోపం తగ్గాక మిగతాదీ చదివాను. ఆట మానేసినవాడు ఏం చేశాడు? మెడిసిన్ చదివాడు. బెలో హారిజాంటేలో, తన ఊళ్ళోనే, మినాస్ గెరైస్ ఫెడరల్ యూనివర్సిటీలో. ప్రపంచ కప్పు గెలిచినవాడు పుస్తకాలు పట్టుకుని క్లాసులో కూర్చున్నాడు! డాక్టరయ్యాక కళ్ళ డాక్టరు కాలేదు. సినిమా అయితే తప్పకుండా కళ్ళ డాక్టర్నే చేసేవాళ్ళు, ఆఖరి రీల్లో ఒక కుర్ర ఆటగాడికి ఆపరేషన్ కూడా చేయించేవాళ్ళు. అతను జనరల్ మెడిసిన్ తీసుకున్నాడు, రోగుల్ని చూశాడు, విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. ఇరవయ్యేళ్ళపాటు ఫుట్‌బాల్ మాటెత్తనివ్వలేదు. ఇంటర్వ్యూలు లేవు, పాత మ్యాచ్‌ల ముచ్చట్లు లేవు. తోస్తావ్ కాదు, డాక్టర్ ఎడ్వర్డో. ఆ మౌనాన్ని గర్వమనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. నాకు మాత్రం అది కంట్లో బుడగ ఉన్నప్పుడు విమానం ఎక్కకపోవడం లాంటిదనిపించింది. కరిగేదాకా ఆగాలి. నాది రెండు నెలల్లో కరిగింది. ఆయనది 1994 దాకా పట్టింది. ఆ ఏడు ప్రపంచ కప్పుకి టీవీ వ్యాఖ్యాతగా మళ్ళీ ఆట దగ్గరికి వచ్చాడు. తర్వాత వైద్యం మానేసి పత్రికల్లో ఆట గురించి రాయడం మొదలుపెట్టాడు. 2012లో బ్రెజిల్ ప్రభుత్వం పాత ప్రపంచ కప్పు విజేతలకు తలా లక్ష రెయాలు ఇస్తామంటే, ప్రజల డబ్బు నాకొద్దని బాహాటంగా రాసి వదులుకున్నాడు. పతకం ఇచ్చేసిన మనిషికి అదో లెక్కా!

2023 అక్టోబరులో మా విభాగాధిపతి గదికి వెళ్ళి, మైక్రోస్కోపు పని ఇక చేయనని చెప్పాను. ఆయన "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. వద్దన్నాను. ఇంటికొచ్చి గరాజులో కారు ఆపి చాలాసేపు లోపలే కూర్చున్నాను. ఆ సంగతి ఎక్కువ రాయను. ఇప్పుడు క్లినిక్కులో రోగుల్ని చూస్తున్నాను, ఎవరికి ఆపరేషన్ అవసరమో ఎవరికి అక్కర్లేదో చెబుతున్నాను, జూనియర్లకి కుట్టు నేర్పుతున్నాను. నేర్పడానికి లోతు అక్కర్లేదు. వాళ్ళ చెయ్యి వణికినప్పుడు ఎందుకు వణికిందో నాకు కనబడుతుంది. ఒక్కోసారి చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంటాను. ఆ బాధ పోలేదు. పోతుందనీ చెప్పను.

నాన్నగారికి చెప్పడం ఒక్కటి మిగిలిపోయింది. ఏడాది పైగా దాటేశాను. 2024 డిసెంబరులో ఒక ఆదివారం ఫోన్లో, నేరుగా చెప్పలేక, తోస్తావ్ దగ్గర్నుంచి మొదలెట్టాను. ఆయన అంతా విని, "మన బలరాం కూడా అంతేగా" అన్నారు.

తులసీదాస్ బలరాం పేరు మీలో ఎంతమందికి తెలుసో. సికింద్రాబాదు కుర్రాడు. మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఫార్వర్డు. ఆ మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో, ఇరవై ఏడు నిండీ నిండకుండా ఆట మానేయవలసి వచ్చింది. నాన్నగారు కుర్రతనంలో అతని ఆట చూశారట. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. 2023 ఫిబ్రవరిలో, ఆ సహస్ర చంద్ర దర్శనం హడావిడి నెలలోనే, బలరాం కలకత్తాలో పోయాడు. ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నారట.

"అయితే నువ్వు వేళ్ళు అతికించడం మానేశావన్నమాట" అన్నారు కాసేపాగి.

"అవును నాన్నా."

"జీతం తగ్గిందా?"

"తగ్గింది."

"ఇల్లు ఉంటుందా?"

"ఉంటుంది."

"మరి ఈ మాత్రం చెప్పడానికి ఇంతకాలం పట్టిందట్రా? నేను కూరగాయలవాడి దగ్గర ఇంకా డబ్బా కొడుతున్నాను." మళ్ళీ కాసేపాగి, "ఆ బ్రెజిల్ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?" అన్నారు. ఆ బ్రెజిల్ అబ్బాయికి అప్పటికి డెబ్బై ఏడు.

"పత్రికలో రాస్తున్నాడు నాన్నా, ఆట గురించి."

"నువ్వూ రాయి. మీ సంఘం పుస్తకం వస్తుందిగా ఉగాదికి. నాకో కాపీ పంపు. అచ్చు కాస్త పెద్దక్షరాల్లో వేయమను, ఈమధ్య ఎడం కన్ను సరిగ్గా ఆనడం లేదు."

నా గుండె ఝల్లుమంది. "ఎప్పట్నుంచి? మెరుపులేమైనా కనిపిస్తున్నాయా? నల్ల చుక్కలు? పరదా లాగా ఏదన్నా..."

"శుక్లంరా. ఎనభై దాటాక రాదూ? సంక్రాంతి వెళ్ళాక తీస్తామన్నారు. నువ్వు కంగారుపడి టికెట్ కొనకు."

కొన్నాను. సంపాదకుల వారికి మనవి: వీలైతే ఈ వ్యాసం కాస్త పెద్దక్షరాల్లో వేయించగలరు.